తలాంతు గొప్పదా, సాధకము గొప్పదా?

ధ్యాన భాగములు: మత్తయి 25:14–30, 1 తిమోతి 4:7–16



“వానికి పుట్టుకతోనే అబ్బినది” అని ఒకని గూర్చియు, “వీనికి ఎంత చెప్పినను రాదు” అని మరియొకని గూర్చియు మన పల్లెలలో అనుదినము వినుచున్నాము. పాటకైనను, చదువుకైనను, చేతిపనికైనను, కూటములో నిలువబడి ప్రార్థించుటకైనను ఈ మాటలే వాడుచున్నారు. వినుటకు ఇవి చిన్న మాటలు. కాని పదేండ్ల బిడ్డ మీద పడినప్పుడు ఇవి తీర్పులగును. రాదనిపించుకొన్న పిల్ల పుస్తకము మూలబెట్టును. పుట్టుకతోనే వచ్చుననిపించుకొన్న పిల్లవాడు నేర్చుకొనుట మానును. ఇద్దరికిని నష్టమే. కనుక ఈ నెల ఈ ప్రశ్నను విచారింతము: ఒకడు తన పనిలో నిలుకడగా రాణించుటకు కారణము దేవుడు పుట్టుకలో ఉంచిన వరమా? లేక దినదినము చేసిన సాధకమా?

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాయుచు, పందెపు రంగములో పరుగెత్తువారిని, పిడిగుద్దులాడువారిని సాదృశ్యముగా తీసికొనెను (1 కొరింథీ 9:24–27). ఆయన మాదిరిని బట్టి మేమును ఒక ఆటను తీసికొనుచున్నాము. అది గోల్ఫు.

ఈ ఆట మన పల్లెలకు క్రొత్త. హైదరాబాదు, విశాఖపట్టణము వంటి నగరములలో దీనికి మైదానములు కలవు. ఇది వేరూనినది స్కాట్లాండు దేశములో. జనులు ఈ ఆటలో పడి, యుద్ధమునకు కావలసిన విలువిద్య అభ్యాసము మానుచున్నారని 1457లో ఆ దేశపు పార్లమెంటు దీనిని నిషేధించెను. ఆట చెప్పుటకు సులభమే. నిమ్మకాయంత గట్టి బంతిని నేలమీద ఉంచి, పొడవాటి కర్రతో కొట్టి, వందల గజముల దూరమందున్న గుంటలో, వీలైనంత తక్కువ దెబ్బలతో పడవేయవలెను. ఆ గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళములే. ఇట్టి గుంటలు 18. బిళ్లంగోడు ఆడినవారికి దీని కష్టము కొంత తెలియును.

కర్రను భుజము మీదికెత్తి, నడుము త్రిప్పి, క్రిందికి విసరి కొట్టు తీరును స్వింగు అందురు. అంతయు ఒకటి రెండు సెకండ్లలో ముగియును. ఆ క్షణములో కర్ర ముఖము రవ్వంత ప్రక్కకు తిరిగినను బంతి చెట్ల పాలగును. ఒకసారి చక్కగా కొట్టుట ఎవనికైనను జరుగవచ్చును. అదే దెబ్బను ఎండలోను, గాలిలోను, జనుల యెదుటను, ఓటమి భయములోను మరల మరల కొట్టుటయే కష్టము. ఆ నిలుకడ ఎక్కడనుండి వచ్చునన్నదే మన ప్రశ్న.

1. వరము దేవునిది

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమందు ఫోర్టువర్తు పట్టణములో ధనవంతుల గోల్ఫు మైదానమొకటి ఉండెను. అక్కడ ఆటగాండ్ర కర్రల సంచులు మోసి కూలి సంపాదించుకొను పిల్లలలో బైరన్ నెల్సన్, బెన్ హోగన్ అను ఇద్దరుండిరి. ఇద్దరును 1912లో పుట్టినవారే. హోగనుకు చిన్ననాటనే తండ్రి పోయెను. 1927లో సంచులు మోయు పిల్లలకు పెట్టిన పోటీలో నెల్సన్ ఒక్క దెబ్బ తేడాతో హోగనును ఓడించెను.

అటుపిమ్మట నెల్సన్ వేగముగా పైకి వచ్చెను. 1937లోను, 1939లోను గొప్ప పోటీలు గెలిచెను. 1945లో ఒక్క సంవత్సరములోనే 18 పోటీలు, వానిలో 11 వరుసగా గెలిచెను. బంతులను, కర్రలను పరీక్షించుటకు తరువాతి కాలములో ఒక యంత్రము చేసినవారు దానిని ఆయన స్వింగును బట్టియే నిర్మించి, దానికి ఆయన పేరే పెట్టిరి. అంత నిలుకడ ఆయనది. హోగన్ 1930లో, పదునేడేండ్ల ప్రాయమున, ఆటను జీవనోపాధిగా చేపట్టెను. చేతిలో డబ్బు అయిపోయి పలుమారులు ఇంటిదారి పట్టెను. జతగాడు లేకుండ తానొక్కడే ఒక పోటీ గెలుచుటకు 1940 వరకు ఆగవలసి వచ్చెను.

ఒకే ఊరు, ఒకే మైదానము, ఒకే కూలి. అయినను ఒకనికి త్వరగా పండినది, మరియొకనికి ఆలస్యముగా పండినది. ఈ భేదము లేదని చెప్పుట సత్యము కాదు. ఉపమానములోని యజమానుడు కూడ అందరికిని సమానముగా ఇయ్యలేదు. ఎవని సామర్థ్యము చొప్పున వానికి అయిదు, రెండు, ఒకటి ఇచ్చెను. అయితే ఒక తలాంతు అల్పమైనదని ఎవడును తలంపరాదు. అది ఒక కూలివాడు పదునైదేండ్లు పనిచేసినను కూడబెట్టలేనంత సొమ్ము. దేవుని యింట వట్టి చేతులతో పంపబడిన సేవకుడు లేడు. పొందినదంతయు పొందినదే గనుక, అయిదు గలవాడు అతిశయించుటకును తావు లేదు (1 కొరింథీ 4:7).

2. నిలుకడ సాధకము వలన కలుగును

వరము గలవాడైన నెల్సన్ సాధకము లేకయే రాణించెనా? లేదు. ఆయన యౌవనములో కొయ్యకాడల కర్రలు పోయి ఉక్కుకాడల కర్రలు వచ్చెను. పాత తీరు క్రొత్త కర్రకు కుదరదని గ్రహించి, ఆయన తన స్వింగును మరల మొదటినుండి కట్టుకొనెను. జనులు చూచి “సహజము” అన్నది నిజముగా వేలకొలది దెబ్బల ఫలము.

హోగన్ సంగతి చెప్పనక్కరలేదు. పోటీ ముగిసి తక్కినవారు ఇండ్లకు పోగా, ఆయన మైదానములో గంటలకొలది ఒంటరిగా బంతులు కొట్టుచుండెను. 1949 ఫిబ్రవరిలో ఆయన కారును ఎదురుగా వచ్చిన బస్సు ఢీకొనెను. భార్యను కాపాడవలెనని ఆయన ఆమెకు అడ్డముగా పడెను. కటి ఎముక, జత్రుక, చీలమండ విరిగెను. మరల నడచునో లేదోయని వైద్యులు సందేహించిరి. పదునారు నెలలకు, 1950 జూనులో, కుంటుచునే ఆయన తన దేశపు మహా పోటీని గెలిచెను. 1953లో మూడు మహా పోటీలను గెలిచెను. బలము పోయినను చేయి మరువలేదు. ఎందుకనగా ఆ విద్య బలముతో వచ్చినది కాదు, అలవాటుతో వచ్చినది.

మన చేలలో ఇది ఎరుగనివారెవరు? నాగలి పట్టిన మొదటి యేట చాలు వంకరపోవును. పదియేండ్లు పట్టినవాడు తలవంచి చూడకయే తిన్నగా దున్నును. పరిశుద్ధ గ్రంథములోను ఇట్టివారిని చూచుచున్నాము. బెన్యామీను గోత్రములో ఎడమచేతి వాటము గలవారు 700 మంది, తలవెండ్రుకంత గురినైనను తప్పక వడిసెలతో కొట్టగలవారుండిరి (న్యాయాధిపతులు 20:16). ఎడమచేతి వాటము పుట్టుకతో వచ్చినది. గురి పుట్టుకతో రాలేదు. దావీదు సౌలు ఖడ్గమును ఎందుకు విడిచెను? అది తనకు వాడుకలేనిది. గొఱ్ఱెల యొద్ద ఎవరును చూడని దినములలో చేతికి అలవడిన వడిసెలయే గొల్యాతు యెదుట పనికి వచ్చెను (1 సమూయేలు 17:39–40). ఎవరును చూడనప్పుడు చేసినదే అందరు చూచునప్పుడు బయటపడును.

3. సాధకమునకు దిద్దుబాటు కావలెను

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఎంత ఎక్కువ చేసిన అంత మేలని కొందరు తలంతురు. హోగన్ అంత శ్రమపడినను అనేక సంవత్సరములు ఆయన బంతి ఎడమకు వంగిపోవు దోషము పోలేదు. 1946 ప్రాంతములో తాను కర్ర పట్టుకొను తీరును మార్చుకొన్న తరువాతనే ఆ శ్రమ నిండుగా ఫలించెను. తప్పును వేయిమారులు చేసినవాడు తప్పునే స్థిరపరచుకొనును. కోపముగా మాటలాడుట, అప్పు తీర్చుట వాయిదా వేయుట, ఆరాధనకు ఆలస్యముగా వచ్చుట, ఇవియు సాధకము చేతనే మనలో గట్టిపడినవి గదా!

జర్మనీ దేశస్థుడైన బెర్న్‌హార్డ్ లాంగర్ అను ఆటగాడు క్రీస్తునందు తన విశ్వాసమును బాహాటముగా ఒప్పుకొనువాడు. గుంటకు దగ్గర నిదానముగా బంతిని తోయవలసినప్పుడు చేయి తనంతట తాను ఉలికిపడు వ్యాధివంటి ఇబ్బంది ఆయనకు పలుమారులు వచ్చెను. వచ్చిన ప్రతిసారియు ఆయన కర్ర పట్టు తీరు మార్చుకొని, క్రొత్త విద్యార్థివలె మరల నేర్చుకొనెను. 1985లోను, 1993లోను మహా పోటీలు గెలిచినవాడు 2023లో, 65 ఏండ్ల వయస్సున, అమెరికా పెద్దల జాతీయ పోటీని గెలిచెను. ఒకసారి వచ్చిన విద్యయు పోవచ్చును. దిద్దబడుటకు ఒప్పుకొనువానికి అది తిరిగి రావచ్చును. అందుకే దావీదు కాలమందు దేవాలయపు పాటకులు 288 మంది నేర్పబడినవారై యుండిరని, గురువును శిష్యుడును భేదము లేక చీట్లు వేసికొనిరని వ్రాయబడినది (1 దినవృత్తాంతములు 25:7–8). బెసలేలుకు దేవుడు పనితనముతో పాటు ఇతరులకు నేర్పు మనస్సును కూడ ఇచ్చెను (నిర్గమకాండము 35:34).

4. సాధకమునకు హద్దు కలదు

శ్రమపడిన ప్రతివాడును హోగన్ కాగలడా? అమెరికాలో ఒక ఫొటోగ్రాఫరు 2010లో తన పని మాని, పదివేల గంటలు సాధకము చేసి గొప్ప ఆటగాండ్ర వరుసలో చేరెదనని గోల్ఫు మొదలుపెట్టెను. ఆ ఆట ఎరుగనివాడు కొన్ని యేండ్లలో మంచి ఆటగాడాయెను. కాని నడుము నొప్పి వలన సగము దారి దాటిన పిమ్మట ఆపవలసి వచ్చెను. అతడు కోరిన వరుసలో చేరలేదు. అయినను మొదలుపెట్టిన చోటును చూడుడి, ఆగిన చోటును చూడుడి. ఆ నడుమ నడచినదంతయు లాభమే.

కాబట్టి ఫలము తక్కువైనవానిని “సరిగా కష్టపడలేదు” అని నిందించుట క్రూరత్వము. యజమానుడు రెండు తలాంతులవానిని, నీవు అయిదు ఏల తేలేదని అడుగలేదు. అయిదువానికి చెప్పిన మెప్పు మాటలే వానికిని చెప్పెను. ఆయన నమ్మకత్వమును మెచ్చెను. గద్దింపు పొందినవాడు తక్కువ తెచ్చినవాడు కాడు, భయపడి పాతిపెట్టినవాడు.

5. సాధకము కృపకు విరోధము కాదు

“రక్షణ కృప వలననే గదా, మరి ఈ శ్రమ యెందుకు?” అని కొందరడుగుదురు. మంచి ప్రశ్నయే. సాధకము చేత మనము దేవుని కృపను సంపాదించుకొనము. అది ముందే ఇయ్యబడినది. విత్తనము కొనుటకు మనకు డబ్బు లేదు, ఆయన ఉచితముగా ఇచ్చెను. ఉచితముగా వచ్చినదని దానిని గాదెలో పెట్టి తాళము వేయుదుమా? కృప వలననే తానిట్లున్నానని చెప్పిన పౌలే, అందరికంటె ఎక్కువ ప్రయాసపడితినని చెప్పి, అదియు కృపయేనని ముగించెను (1 కొరింథీ 15:10). తిమోతికి చేతులుంచుట ద్వారా కలిగిన వరమును నిర్లక్ష్యము చేయవద్దనియు, అభివృద్ధి అందరికి కనబడునట్లు దానిలోనే సాధకము చేయుమనియు వ్రాసెను.

ఇక మనము చేయవలసినదేమి? తలిదండ్రులారా, మీ బిడ్డను గూర్చి “రాదు” అను మాటను “ఇంకను రాలేదు” అని మార్చుకొనుడి. పాడు స్వరము గలవారలారా, పండుగకు ముందు రెండు దినములు కాక వారము వారము సాధకమునకు రండి. నాకు ప్రార్థించు వరము లేదనువారలారా, మీ ఇంటిలో మీ బిడ్డల నడుమ రెండు మాటలతో మొదలుపెట్టుడి. మరియొక సంగతి మరువరాదు. నెల్సన్, హోగన్ పేదవారైనను, సంచులు మోయు పని దొరికినందుననే కర్ర ముట్టగలిగిరి. కూలికి పోవు బిడ్డకు సాధకము చేయు తీరిక ఏది? సాయంకాలము దేవాలయపు తలుపు తెరచి, దీపము వేసి, చదువుకొనుటకు చోటిచ్చి, చెప్పగల యువకుని ఒకనిని కూర్చుండబెట్టుట సంఘము చేయదగిన పని. అవకాశమియ్యక “వీనికి అబ్బలేదు” అనుట, వాని తలాంతును మన చేతులతో పాతిపెట్టుటయే.

వరము ఎంత అన్నది దేవుని చిత్తము. దానితో రేపు ప్రొద్దున ఏమి చేయుదుమన్నది మన వంతు. మనకిచ్చినది కొంచెమైనను దానిని వాడుకలో ఉంచి, యజమానుడు వచ్చు దినమున సంతోషముతో ఆయన యెదుట నిలుచునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.