మాటలాడు యంత్రమును, మాట వినిన మనుష్యుడును

(లూకా 15:11–32, యాకోబు 1:22–25 చదువుడి)



1877వ సంవత్సరమున అమెరికా దేశమందు థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫు అను మాటలాడు యంత్రమును కనిపెట్టెను. మొదట తగరపు రేకును, తరువాత మైనపు గొట్టమును అందులో వాడిరి. బూరలో మాటలాడగా సన్నని పొర అదరును. దానికి తగిలించిన సూది తిరుగుచున్న మైనముమీద గాడి గీయును. ఆ గాడివెంట మరల సూదిని నడిపినయెడల అదే మాట వినబడును. మైనము మెత్తనిది గనుక వినిపించినకొలది గాడి అరిగిపోవును. పైపొర గీకివేసి క్రొత్త మాట పట్టుటకును వీలుండెను. తరువాత పళ్లెములవంటి రికార్డులు వ్యాపించెను. ఎడిసన్ కంపెనీ 1929లో గొట్టములు చేయుట మానెను.

మన దేశమున గ్రియర్సన్ దొర భాషల పరిశీలన జరిగించుచు, భాష భాషకును మాదిరిగా తప్పిపోయిన కుమారుని ఉపమానమును తీసికొనెను. 1906లో అచ్చయిన నాల్గవ సంపుటములో మన తెలుగునకును చోటు కలిగెను. 1913 మొదలుకొని అనేక భాషలవారిచేత ఆ ఉపమానమును పలికించి గ్రామఫోను రికార్డులలో పట్టిరి.

ఇక్కడ మనము ఆలోచింపవలసినది ఒకటి కలదు. లేచి తండ్రియింటికి పోవుదునను మాటను యంత్రము నూరుమారులు తప్పులేక చెప్పును. అయినను ఒక్క అడుగైనను వేయదు. యంత్రమునకు మనస్సు లేదు గనుక అందులో దోషము లేదు. మనస్సుగల మనమో?

నేడు ప్రసంగమును సెల్‌ఫోనులో పట్టుకొని, పొలముగట్టున కూర్చుండి మరల వినుచున్నాము. మంచిదే. వినుటవలన విశ్వాసము కలుగునని పౌలు బోధించెను గదా. అయితే ఆ గట్టుకొరకే, కాలువనీటి వంతుకొరకే, తోడబుట్టినవానితో మాటలు మానినవాడు అదే గట్టున కూర్చుండి ఈ ఉపమానమును వినినయెడల అతనికేమి లాభము? పెద్దకుమారుడును తండ్రి ఆజ్ఞలన్నియు ఎరిగినవాడే. తమ్ముని నిమిత్తము ఇంటిలోనికి రాక వాకిట నిలిచెను.

రాబర్టు నోబుల్ దొర 1841లో బందరు వచ్చి, 1843లో పాఠశాల స్థాపించి, 1865లో ఆ ఊరనే కన్నుమూసెను. అప్పటికి ఫోనోగ్రాఫు పుట్టుటకు ఇంక పండ్రెండేండ్లు ఉండెను. ఆయన స్వరమును ఏ గొట్టమును దాచలేదు. అయినను ఆయన పేరు ధరించిన కళాశాల నేటికిని బందరులో విద్య గరపుచున్నది. స్వరము పోయెను, చేసిన పని నిలిచెను.

కాబట్టి వాక్యమునకు మన హృదయము మైనమువలె మెత్తగా ఉండవలెను. పాత పగను గీకివేసి క్రొత్త మాటను పట్టవలెను. అంతటితో నిలువరాదు. మైనమునకు కాళ్లు లేవు, మనకున్నవి. సహోదరుని యిల్లు ఎంత దూరము? ఈ సాయంకాలమే లేచి వెళ్లుడి. అతడు తలుపు తీయకపోవచ్చును. అయినను మీరు విన్న మాట ప్రకారము చేసినవారగుదురు.

ప్రభువు మనలను వినువారిగా మాత్రమేగాక చేయువారిగాను నిలువబెట్టునుగాక. ఆమేన్.