చెయ్యి చాపితే అందేంత

ఇంట్లో ఒక వస్తువు ఉందంటే, దానికి చాకిరి చేసే మనిషి ఒకరు ఉన్నట్టే. ఎల్లంతకుంటలో మా అవ్వను, అంటే అమ్మను, చూస్తూ పెరగడం వల్ల ఈ సంగతి నాకు చిన్ననాడే అర్థమైంది. దసరా దగ్గర పడుతోందంటే ఇల్లు దులపాలి. అటక మీది ఇత్తడి సామానంతా కిందికి దిగాలి. గంగాళం, కాగులు, బిందెలు, చెంబులు. వాకిట్లో గోనెసంచి పరుచుకుని, చింతపండు, బూడిద పెట్టి అవ్వ ఒక్కోదాన్నీ తోమేది. అంచు మడతలో పట్టిన చిలుముకు కొబ్బరి పీచు అందదు, వేలితోనే రుద్దాలి. పొద్దూకే సరికి ఆమె గోళ్ల సందుల్లో పచ్చటి మరక దిగి ఉండేది. అంత మెరిసిన సామాను మళ్లీ అటకెక్కేది. ఏడాది పొడుగునా ఆ బిందెల్లో నీళ్లు పట్టినవాళ్లు లేరు, ఆ కాగుల్లో కాచినవాళ్లు లేరు.

తర్వాత స్టీలు వచ్చి చేరింది. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు చదివించినవాళ్లు తమ పేర్లు చుక్కలు చుక్కలుగా కొట్టించిన పళ్లాలు. పేరున్న పళ్లాన్ని ఇంకొకరికి ఇవ్వలేం. వాళ్లకు తెలిస్తే నొచ్చుకుంటారు. కాబట్టి అదీ అటక మీదికే. ఎవరింటికన్నా పోయినప్పుడు పెట్టిన జాకెట్ ముక్కలు ఒక సందుగ నిండా ఉండేవి. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచింది. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన చీరలవి. ఆ ఆర్డర్లు ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించాయి, అందుకు నాకు ఎప్పుడూ సంతోషమే. కానీ మా బీరువాలో వాటి మడత కూడా విప్పలేదు. కట్టుకుందామంటే అప్పటికే చీరలున్నాయి, ఎవరికన్నా ఇద్దామంటే పండగ పేరున వచ్చినవి. "ఎప్పటికన్న అక్కెరకొస్తయి" అనేది అవ్వ. ఆ ఒక్క మాట మీద మా ఇంట్లో సగం జాగా నిండిపోయింది.

ఎంత ఉంటే చాలు అన్న ప్రశ్నకు ఒక జవాబు మా దగ్గర్లోనే దొరుకుతుంది. మా పాత కరీంనగర్ జిల్లాలోనే, గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. పదో శతాబ్దంలో పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు అక్కడి బండ మీద తీర్థంకరులను, చక్రేశ్వరిని చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. అందులోని తెలుగు కంద పద్యాల గురించి మనవాళ్లు చాలానే రాశారు, రాయాల్సిందే. నా ధ్యాస మాత్రం ఆ గుట్టెక్కిన మనుషుల ధర్మం మీదికి పోతుంది. దిగంబర ముని ఒంటి మీద బట్ట కూడా ఉంచుకోడు. అది అందరికీ సాధ్యం కాదని జైనులకు తెలుసు. అందుకే సంసారులకు పరిగ్రహ పరిమాణ వ్రతం పెట్టారు. భూమి, ఇల్లు, బంగారం, వెండి, పశువులు, ధాన్యం, గిన్నెలు, బట్టలు, ఒక్కో దానికీ ఒక హద్దు చెప్పుకుని అక్కడ ఆగాలి. ఆ హద్దు ఎంతో గృహస్థు తనకు తానే నిర్ణయించుకుంటాడు. వెయ్యేళ్ల కిందట మన గుట్టల మీద తిరిగిన ఆలోచనల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

ఎందుకంటే హద్దు ఇంకొకరు పెడితే ఏమవుతుందో మా మండలం కళ్లారా చూసింది. అనంతగిరి దగ్గర 3.5 టీఎంసీల జలాశయం కట్టారు. 2020 మార్చిలో తిప్పాపూర్ పంపుహౌస్ నుంచి మిడ్ మానేరు నీళ్లు అందులోకి ఎక్కాయి. నీళ్లు రావడం మంచిదే. కానీ అనంతగిరివాళ్లు ఇళ్లు వదిలి లేచిపోవాల్సి వచ్చింది. ముంపు ఊరిలో ఒక ఇల్లు ఖాళీ అవుతుంటే చూసినవాళ్లెవరూ సామాను వదిలించుకుంటే హాయి అని తొందరపడి అనలేరు. తాతలనాటి దర్వాజను గడ్డపారతో పెకిలించి ట్రాక్టరులో వేసుకుపోయే మనిషికి అది బరువు కాదు, మిగిలిన ఇల్లంతా అదే. సిరిసిల్లలో మరమగ్గాల ఆసామి దగ్గర కూలికి నేసి, ఒక్క అద్దె గదిలో కాపురం వెళ్లదీసే నేత కార్మికుడి ముందు ఏదీ కూడబెట్టొద్దనే అపరిగ్రహం మాట ఎత్తడం కూడా అన్యాయమే. లేకపోవడం వేరు, చాలు అనుకోవడం వేరు.

అందుకే మా ఇంట్లో హద్దు అవ్వనే పెట్టనిచ్చాం. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఒకనాడు తనే అంది: "అటక మీదికి ఇగ నేనెక్క బిడ్డా. నిలవడి చెయ్యి చాపితె అందేటియే ఉంచుకుంట." నేను ఎన్ని పుస్తకాలు చదివినా ఇంత తేటైన కొలత నాకు తట్టలేదు.

గంగాళం కులసంఘానికి ఇచ్చేసింది. ఊళ్లో పెళ్లిళ్లకు సంఘం గిన్నెలే అందరూ వాడుకుంటారు. ఏ ఒక్క ఇంటికీ దాన్ని తోమే పని ఉండదు, అందరికీ అది ఉంటుంది. కాగులు, బిందెలు తూకానికి పోయాయి. పాత చీరలు బొంతలయ్యాయి, విప్పని చీరలు కట్టుకునేవాళ్ల దగ్గరికి చేరాయి. పేర్లు కొట్టించిన పళ్లాల దగ్గర అవ్వ చాలాసేపు ఆగింది. అక్షరాలు చదవడం రాదు, అయినా ఏది ఎవరిదో ఆమెకు తెలుసు. చచ్చిపోయినవాళ్లవి తీసి చేతికందే అలమారలో పెట్టుకుంది. బతికున్నవాళ్లవి ఇచ్చేయమంది. బతికున్నవాళ్ల దగ్గరికి పోయి మాట్లాడొచ్చు కదా అని ఆమె లెక్క.

ఇదివరకు అక్క దగ్గరికి కోరుట్ల పోతే, "ఇల్లెవలు జూస్తరు" అని రెండోనాడే బస్సెక్కేది. కొన్నేళ్ల పాటు కూతురు ఇంట్లో నిద్ర చేసిందే తక్కువ. మొన్నటి దసరాకు పోయినామె దీపావళి దాటాక వచ్చింది. అక్క ఇంట్లో రెండు బీరువాలు, నిండిన అటక. వాటి గురించి అవ్వ ఒక్కమాట కూడా అనలేదట. మనుమరాలికి జడలేసి బడికి తోలుడు, పగటీలి అక్కతోని కూసోని మాట్లాడుడు, ఇదే పని. మా ఇంట్లో మిగిలిన రోలు సంగతి మాత్రం అవ్వకూ నాకూ ఇంకా తెగలేదు. దాన్ని కూడా ఎవరికైనా ఇద్దామంటాను నేను. వంగితే అందుతుంది కదా అంటుంది ఆమె.