చూపు లేనివారు – తీర్పు చెప్పువారు

ఆలయ ప్రాకారములలో, ముఖ్యముగా ఏకాదశివంటి పర్వదినములలో, తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. చూపులేని బిడ్డను తల్లి చేయి పట్టుకొని వరుసలో నడిపించుకొని పోవుచుండును. వెనుక నిలిచిన పెద్దముత్తైదువ యొకతె నిట్టూర్చి, "ఏ జన్మలో చేసిన పాపమో, పసివానికి ఈ శిక్ష!" యనును. ఆమె మనస్సు కఠినమైనది కాదు. మరుక్షణమున ఆ బిడ్డ చేతిలో పండో, కాసో పెట్టును. అయినను ఆ మాట తల్లి చెవిని పడినది. బిడ్డ చెవినిగూడ పడినది. చూపులేనివానికి లోకమునకు దారి చెవియే గదా!

ఈ మాటకు శాస్త్రాధారము కలదా? కర్మసిద్ధాంతము మనది. దానిని త్రోసిపుచ్చ నవసరము లేదు. సుఖదుఃఖములకు పూర్వకర్మ కారణమని పెద్దలు చెప్పియేయున్నారు. కాని ఒక సిద్ధాంతము సత్యమగుట వేరు. దానిని ఎవరు ఎవరిపై ప్రయోగింపవచ్చుననుట వేరు. వైద్యుని చేతిలోని కత్తి మంచిదే. దారిన పోవువాడు దానిని పుచ్చుకొని ఎదుటివాని యొంటిపై పరీక్షింపరాదు.

శ్రీవైష్ణవ కుటుంబములలో కూరేశుల వృత్తాంతము నెరుగనివారుండరు. భగవద్రామానుజులకు చోళరాజువలన ఆపద వాటిల్లినప్పుడు, ఆచార్యుని కాషాయమును తాను ధరించి రాజసభకు పోయి, అచ్చట కన్నులు పోగొట్టుకొనిన మహనీయు డాయన. బహుకాలమునకు గురుశిష్యులు మరల కలిసికొనినప్పటి సంభాషణమును గురుపరంపర భద్రపరచినది. తన పాపమువలననే శిష్యున కీ దురవస్థ కలిగినదని రామానుజులు కన్నీరు పెట్టుకొనిరి. కూరేశులు అందుల కొప్పుకొనలేదు. ఏ శ్రీవైష్ణవుని యూర్ధ్వపుండ్రమో వంకరగా నున్నదని తాను మనసున తలచియుందునని, తన కన్నులు పోవుటకు ఆ యపచారమే కారణమని విన్నవించుకొనిరి.

ఈ ఘట్టమును చదివి భక్తిపారవశ్యమున కన్నులు తుడుచుకొనుట అందరకు నలవాటే. ఇందలి ధర్మసూక్ష్మమును గమనించువారు తక్కువ. ఇరువురును కర్మ మాటయే పలికిరి. ఇరువురును దోషమును తమమీద వేసికొనిరి. ఎదుటివానిమీద వేసినవా డొక్కడును లేడు. తన కష్టమునకు తన కర్మను తలచుకొనినచో వినయము పుట్టును. పరుని కష్టమునకు పరుని కర్మను తలచినచో ఏమి పుట్టును? "నేను ఆ పాపము చేయలేదు గనుక నాకు కన్నులున్నవి" యను మాట, పైకి పలుకకున్నను, దాని వెనుక నుండకపోదు.

ఈ విచారమును గ్రంథములలో విడిచిపెట్టక మన నేలపై నిలిపి చూచుటకు పల్నాటిసీమలో ఒక జీవితము కలదు. గురజాలకు చెందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి నాలుగేండ్ల ప్రాయముననే ఎడమకంటి చూపు కోల్పోయెను. రెండవ కంటికిని నిండు చూపు లేదు. నరసరావుపేటలోని లూథరన్ అంధుల పాఠశాలలో చదువుకొనెను. (సేవ ఏ మతమువారు చేసినను సేవయే. ఆ పాఠశాల పల్నాటి బిడ్డలకు చేసిన మేలును చెప్పుటకు వైష్ణవునకు సంకోచ మక్కరలేదు.) ఆ బాలుడే కాలక్రమమున అంధుల క్రికెట్టులో భారతజట్టునకు నాయకుడాయెను. 2017 ఫిబ్రవరిలో బెంగుళూరున జరిగిన ఇరువది ఓవర్ల ప్రపంచకప్పు తుదిపోటీలో అతని నాయకత్వమున భారతదేశము పాకిస్థానును తొమ్మిది వికెట్ల తేడాతో గెలిచినది. 2018 జనవరిలో షార్జా నగరమున మరల పాకిస్థానుతోనే తుదిపోటీ. 308 పరుగులు చేయవలసియుండగా, రెండు వికెట్లు మాత్రమే మిగిలియుండ విజయము దక్కినది. 2022 డిసెంబరులో బంగ్లాదేశ్‌పై తుదిపోటీలో మనవారు 277 పరుగులు చేసిరి; అందులో అజయ్‌వి నూరు. 2023వ సంవత్సరపు అర్జున పురస్కారమును రాష్ట్రపతి చేతులమీదుగా 2024 జనవరిలో అతడు స్వీకరించెను.

విజయముల పట్టికకంటె ఆ యాట నియమములు మన విచారమున కెక్కువ యుపకరించును. తెల్లని గట్టి ప్లాస్టిక్ బంతిలో చిన్న ఇనుపగుండ్లు వేసియుందురు. అది దొరలునప్పుడు గలగలమనును. బంతిని పైనుండి విసరరు. చేతిని క్రిందనుండి త్రిప్పి, నేలను తాకుచు పోవునట్లు వేయుదురు. వేయుటకు ముందు, ఎదుటనున్నవాడు సిద్ధముగా నున్నాడా యని బౌలరు గొంతెత్తి యడుగవలెను. బ్యాటు పట్టినవాడు సిద్ధమని బదులు పలికిన పిమ్మటనే బంతి చేయి విడువవలెను. అతడు మోకాలు నేలకానించి, బ్యాటును అడ్డముగా త్రిప్పి, చప్పుడునుబట్టి కొట్టును. జట్టులోని పదునొకండుగురిలో కనీసము నలుగురు పూర్తిగా చూపులేనివారై యుండవలెను. వారు కొట్టిన పరుగులు రెట్టింపుగా లెక్కింపబడును. వారు బంతిని ఒకసారి నేలను తాకిన తరువాత పట్టుకొనినను క్యాచ్‌గానే యెంచుదురు.

రెట్టింపు పరుగులనగానే కొందరు దీనిని జాలిగా భావింతురు. అది పొరపాటు. జాలి యనునది ఇచ్చువాని యిష్టము. నేడిచ్చును, రేపు మానును. నియమము ఇరుపక్షములకును ముందే తెలిసినది, ఇరుపక్షములును అంగీకరించినది. దానినిబట్టి గెలిచినవాడు ఎవ్వరికిని ఋణపడడు. ఓడినవానికి ఓటమి ఓటమియే. చూపులేనివాడని కనికరించి ఎవ్వరును వికెట్టును విడిచిపెట్టరు. గౌరవ మనగా నిదియే.

గురజాల పేరు వినగానే తెలుగువారికి స్ఫురించునది మరియొక పందెము. నలగామరాజు కొలువున జరిగిన ఆ కోడిపందెమున నాగమ్మ చేసిన మోసమువలన బ్రహ్మనాయని పక్షము ఓడి, ఏడేండ్లు దేశము విడువవలసివచ్చెనని పల్నాటి వీరచరిత్ర. ఆ పందెము కారెంపూడి రణక్షేత్రమునకు దారితీసినది. నియమము చెడిన పోటీ ఎంత దూరము పోవునో ఆ సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ బ్రహ్మనాయడే మాచర్ల చెన్నకేశవుని భక్తుడై, జాతిభేదము పాటింపక అందరిని ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెను. అది అన్నదానముకంటె భిన్నమైనది. దానమున ఒకడు నిలిచి పెట్టును, ఒకడు కూర్చుండి తినును. చాపమీద అందరి యెత్తు నొకటే.

ఈ సమత్వము ఈతపోటీలలో మరింత స్పష్టముగా కానవచ్చును. అంధులలో చూపు దాదాపుగా లేనివారి తరగతికి చెందిన ఈతగాండ్రు నల్లరంగు పూసిన కంటియద్దములు ధరించి నీటిలో దిగవలెను. ఒకనికి వెలుగునీడలు కొంచెము తెలియవచ్చును. మరియొకనికి ఏమియు తెలియకపోవచ్చును. ఆ కొంచెము వెలుగుగూడ ఒకనికి లాభము కారాదని అందరికిని చీకటిని సమానముగా పంచుదురు. గోడ దగ్గరపడినప్పుడు, గట్టుమీద నిలిచిన సహాయకుడు మెత్తని కొనగల కఱ్ఱతో ఈతగాని తలనో వీపునో తట్టును. ఆ తాకిడి అందువరకు, గోడ ఎంత దూరమున నున్నదో కానక, వేగము తగ్గింపక పోవలెను. రక్షించువాడు రక్షించుననెడి విశ్వాసమును శరణాగతికి అంగముగా చెప్పుకొను మనకు ఈ దృశ్యము వింత గాదు. అయితే ఒక భేదమును మరువరాదు. ఆ సహాయకుడు ఈదడు, చేతులాడించువాడు ఈతగాడే.

మహారాష్ట్రమునకు చెందిన కాంచనమాలా పాండే పుట్టుకతోనే చూపులేనిది. 2017 డిసెంబరులో మెక్సికో నగరమున జరిగిన ప్రపంచ పారా ఈతపోటీలలో 200 మీటర్ల మెడ్లేలో స్వర్ణపతకము గెలిచినది. మెడ్లే యనగా నాలుగు విధముల ఈతలను ఒకే పందెమున వరుసగా ఈదుట. అదే సంవత్సరము వేసవిలో బెర్లిన్ పోటీలకు పోయినప్పుడు, రావలసిన ధనము వేళకు అందక, పరదేశమున అప్పు చేయవలసివచ్చెనని పత్రికలు వ్రాసినవి. అయినను అచ్చట రజతపతకము తెచ్చినది. పతకము వచ్చిన పిమ్మట పూలమాలలకు కొదువ యుండదు. పతకమునకు ముందు రైలు చార్జీకి కొదువ.

ఇచ్చట రెండవ పొరపాటును గూర్చి చెప్పవలసియున్నది. ఇట్టివారిని చూచి, "దేవుడు కన్నులు తీసికొని మరియొక శక్తి నిచ్చినాడు" అని పొగడువారు కలరు. ఇది నిందకంటె మేలుగా కానవచ్చును గాని, ఇదియు ఆ మనుష్యుని చూడకుండుటయే. చెవితో బంతిని పోల్చుకొనుట వరప్రసాదము గాదు. వేలకొలది బంతులు తప్పిపోగా కుదిరిన అభ్యాసము. పాఠశాలలో వేదమును పదము, క్రమము, జట, ఘనమని వల్లించిన విద్యార్థిని "పుట్టుకతో వచ్చినది లెమ్మ"న్నచో వాని పదేండ్ల శ్రమ యేమైపోవలెను? గీతాచార్యుడు పదునెనిమిదవ యధ్యాయమున ఏ కార్యమునకైనను అయిదు కారణములను చెప్పుచు అధిష్ఠానము, కర్త, కరణములు, చేష్టలు అని యెంచి, దైవమును అయిదవదిగా నిలిపెను. కీడు కలిగినప్పుడు పూర్వకర్మ, మేలు కలిగినప్పుడు దైవదత్తము అనుచు మనము మాత్రము నడుమనున్న కర్తను రెండుమారులును దాటిపోవుచున్నాము.

మూడవది అన్నిటికంటె కఠినమైనది. అజయ్ కప్పు గెలిచెను, కాంచనమాల స్వర్ణము తెచ్చెను. కనుక వారిని గౌరవింతము. బాగున్నది. ఏ కప్పును గెలువని అంధుని మాట యేమి? నరసరావుపేటలోనో మాచర్లలోనో ఊదువత్తులు అమ్ముకొనుచు, సాయంకాలమునకు కఱ్ఱ తాటించుకొనుచు ఇల్లు చేరు మనుష్యునికి గౌరవము పొందుటకు ఏ పతకము చూపవలెను? కన్నులున్నవారిని మనము ఏమి గెలిచితిరని అడిగి ఆదరించుట లేదు. పతకమునుబట్టి గౌరవించువాడు, పతకము లేనివాని విషయమున మరల ఆ పాతమాటకే, "ఏ జన్మలో చేసిన పాపమో" యను మాటకే, తిరిగిపోవును. కూరేశులు కన్నులు పోయిన తరువాత ఏ పందెమును గెలువలేదు. వరదరాజస్వామి వరము కోరుకొమ్మన్నప్పుడు, తనకు చూపు పోవుటకు కారకుడైన నాలూరానునకుగూడ సద్గతి కలుగవలెనని కోరిరి. ఆ మహానుభావుని ముందు నిలిచి ఆయన పూర్వజన్మమును గూర్చి తీర్పు చెప్పుటకు ఎవనికి నోరు వచ్చును? అట్లయిన ఊదువత్తుల మనుష్యునిముందు ఎందులకు వచ్చుచున్నది?

తెలిసిచేయు కీడుకంటె ఇందు అలవాటే యెక్కువ. కనికరముతోనే కొందరు చూపులేని యాత్రికుని భుజము పట్టి లాగుకొనిపోయి మెట్లెక్కింతురు, అతడు తొట్రుపడును. బంతి వేయు క్రీడాకారుడు ప్రత్యర్థినిగూడ సిద్ధమా యని యడిగి బదులు వచ్చువరకు ఆగుచుండగా, మేలుచేయ దలచినవాడు చేయి పట్టుకొనుటకు ముందు ఒక్కమాట అడుగకుండుట ఏమి న్యాయము?

వరుసలో నిలిచిన ఆ తల్లీబిడ్డలు గర్భాలయము ముందునకు వచ్చిరి. ఆమె వంగి బిడ్డ చెవిలో స్వామి పాదములు మొదలుకొని, పీతాంబరము, వక్షఃస్థలమున అమ్మవారు, శంఖచక్రములు, తిరుమణి, కిరీటము ఒక్కొక్కటిగా చెప్పుచున్నది. అందుకు కొంత సమయము పట్టును. కిరీటమువరకు చెప్పుట ముగియునంతదాక వెనుకనున్నవారు త్రోయక నిలిచిన చాలును.