బర్కత్ అనే లెక్క

అభివృద్ధికి మా ఇళ్ళల్లో మాట తరఖ్ఖీ. ఇంకో మాటా ఉంది, బర్కత్. ఉన్న కాసింతే పదిమందికీ సరిపోతే బర్కత్ అంటాం. (పేదరికానికి ఆ పేరు పెట్టి జోకొట్టడమూ మాకు తెలుసు. అది ఒట్టి మోసం.) ఎగుమతుల లెక్కకు మొదటి మాటే తెలుసు.

దొరవారిసత్రం మండలం నేలపట్టులో గూళ్ళు కట్టే గూడబాతులు మేతకు పులికాట్ పోతాయి. జాలర్లకూ ఆ సరస్సే దిక్కు. అక్కడ వలేసి పట్టి వండుకున్న రొయ్య డాలరు తేదు. చెరువులో పెంచిన టైగర్ రొయ్య తెస్తుంది. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా ఈ లెక్కే నడిచింది. చెరువులు తవ్వింది కొందరు, బావులు ఉప్పెక్కింది ఇంకొందరివి. మొత్తమ్మీద దేశానికి లాభమేగా అన్నారు. ఒకరి జేబులో లాభంలోంచి ఇంకొకరి కడవలో నష్టాన్ని ఎట్లా తీసేస్తారు? ఆ కడవ మోసే ఆడమనిషిని ఎవరడిగారు?

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు పులికాట్‌కు 1000 మీటర్ల లోపు రొయ్యల పరిశ్రమ కూడదంది. సంప్రదాయ సాగును వదిలేసింది. మూతపడే చెరువుల కూలీలకు 6 ఏళ్ళ జీతం పరిహారంగా ఇమ్మంది. తీర్పులో మాకు నచ్చింది ఆ చివరి మాటే. చెరువు మూస్తే రేపు కూలెక్కడ అని అడిగేవాళ్ళూ మనుషులే మరి. 2005లో పార్లమెంటు చట్టం చేసి తీరం చెరువులకు రిజిస్ట్రేషన్ దారి తెరిచింది. పక్కన బావుల్ని ఏ ఖాతాలో రాయాలో మేం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం.