తొందరెందుకు నాయనా, గిటారు ఎక్కడికీ పోదు

మదనపల్లెలో పుట్టి బెంగళూరులో జీతం తీసుకునే పిల్లలు మీరు. శనివారం ఇంటికొస్తారు, అన్నం తింటూనే ఫోను నా ముఖం మీద పెడతారు. "తాతా, 1962 ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అంట, మూడున్నర లక్షలకే ఇస్తాడంట, రేపటిలోగా చెప్పమన్నాడు!"

ముందు ఆ ముద్ద మింగు నాయనా. అరవై ఏళ్లు ఆగిన గిటారు ఇంకో వారం ఆగలేదా? నాకు అనుమానం వచ్చిందే ఆ 'రేపటిలోగా' అన్న మాట దగ్గర. అసలుదైతే దీనికి ఎన్నో రెట్లు పలికే వస్తువది. అంత చౌకగా నీకే ఎందుకిస్తున్నాడు? నీ ముఖం చూసి ముచ్చటపడ్డాడా?

నువ్వు ఆశపడటం తప్పని నేననను. పాతదానికి విలువ ఎక్కడినుంచి వస్తుందో నాకూ తెలుసు. గిబ్సన్ కంపెనీ 1958 నుంచి 1960 దాకా సన్‌బర్స్ట్ రంగులో లెస్ పాల్ గిటార్లు చేసింది. అప్పుడు కొనేవాళ్లు లేక ఆ నమూనానే మార్చేశారు. ఇవాళ వాటికి కోట్లు పోస్తున్నారు. దొరకదంటే చాలు, మనిషికి దానిమీదే కన్ను. కన్ను పడిన చోటికి దొంగసరుకు దానంతటదే నడిచొస్తుంది.

దీనికి అమెరికా దాకా పోవాలా? మన పుంగనూరు ఆవును చూడు. డెబ్బై నుంచి తొంభై సెంటీమీటర్ల ఎత్తు, పాలలో వెన్న ఎనిమిది శాతం దాకా. ఆ జాతి అంతరించిపోతోందని పలమనేరు పరిశోధన కేంద్రంలో పట్టుబట్టి కాపాడుకుంటూ వచ్చారు. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో వాటికి మేత పెడుతున్న ఫొటోలు వచ్చాయో లేదో, ప్రతివాడికీ పెరట్లో ఒక పుంగనూరు ఆవు కావాలి. ధర లక్షలకెక్కింది. ఇంకేముంది, పొట్టిగా కనిపించిన ప్రతి సంకర దూడా పుంగనూరుదే అయిపోయింది. పాలపళ్లు కూడా రాలని దూడను చూసి "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అని డబ్బు లెక్కపెట్టిన వాళ్లున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ ముద్దులది ప్రహరీ మీదుగా వీధిలోకి చూస్తుంది! తెలిసిన రైతు ముందు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, ఆ తర్వాత "దీని తల్లిని చూపించు" అంటాడు. తల్లిని చూపించలేనివాడితో బేరమే పెట్టుకోడు.

గిటారుకూ పళ్లుంటాయి, నువ్వే చూడవు. మా చిన్నోడు గిటార్లు బాగు చేస్తాడు కదా, వాడి బల్ల పక్కన కూర్చుని నేను చూసిందే చెబుతున్నా, విను. 1962 ఫెండర్‌కు సీరియల్ నంబరు వెనకాల మెడ ప్లేటు మీద ఉంటుంది. నాలుగు స్క్రూలు విప్పితే ఆ ప్లేటు ఊడి చేతిలోకొస్తుంది. ఒక గిటారుది తీసి ఇంకోదానికి బిగించడం ఎంతసేపు? మీరేమో ఆ నంబరు కొట్టి చూసుకుని, సంవత్సరం సరిపోయిందని చంకలు గుద్దుకుంటారు. మావాడు పిక్‌గార్డు విప్పి, వాల్యూం నాబ్ కింద ఉండే పాట్ వెనక అంకెలు చూస్తాడు. 3046214 అని ఉందనుకో. 304 ఆ పాట్ చేసిన కంపెనీ గుర్తు, 62 సంవత్సరం, 14 వారం. గిటారు అంతకంటే ముందుది కావడానికి వీల్లేదు. అక్కడ 66 కనబడితే, పాట్ అయినా మార్చి ఉండాలి, అమ్మేవాడైనా అబద్ధమాడి ఉండాలి. ఏదో వాడినే అడుగు. తర్వాత టంకం చూస్తాడు, పాతదా, నిన్నమొన్న వేడి తగిలిందా అని. చీకటి గదిలో ఊదా లైటు వేస్తాడు. పాత లాకరు ఆకుపచ్చా పసుపూ కలిసినట్టు మెరుస్తుంది, కొత్తగా వేసిన చోట ఆ మెరుపుండదు. రంగు మళ్లీ వేసిన గిటారుకు ధర సుమారు సగానికి పడిపోతుందని తెలిసినవాళ్లు చెబుతారు. గీతలు, అరుగుదల చూసి మాత్రం మోసపోకు. 1995 నుంచి ఫెండర్ వాళ్లే కొత్త గిటార్లను అరగదీసి పాతవాటిలా చేసి అమ్ముతున్నారు, అదీ రెలిక్ అని పేరుపెట్టి, చెప్పి మరీ. చెప్పి చేసేది కళ, చెప్పకుండా చేసేది మోసం.

ఇంకోటి, పెట్టె విదేశం నుంచి వస్తుందంటే కాగితాలడుగు. అప్పటి ఫింగర్‌బోర్డులకు ఎక్కువగా బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు. 1992 నుంచి ఆ కర్రతో దేశాల మధ్య వ్యాపారం దాదాపు మూతబడింది. కాగితాల్లేని ఎర్రచందనం దుంగ పట్టుబడితే ఏమవుతుందో మన ప్రాంతం పిల్లలకు నేను చెప్పాలా?

కర్ర మాత్రం అబద్ధమాడదు నాయనా. కెనడా పాటగాడు రాండీ బాక్‌మన్ గ్రెట్ష్ గిటారు 1976లో ఎవరో ఎత్తుకుపోయారు. దాదాపు నలభై అయిదేళ్ల తర్వాత ఒక అభిమాని పాత ఫొటోల్లో కర్ర మీద చిన్న ముడిని పట్టుకుని వెతికి వెతికి, జపాన్‌లో ఒక సంగీతకారుడి దగ్గరుందని తేల్చాడు. ఆయన దాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నవాడే. అయినా నాదేనని మొండికెయ్యలేదు, దానికి జోడీలాంటి గిటారు తీసుకుని 2022లో అసలుదాన్ని తిరిగిచ్చేశాడు. ఆ వెతికినవాడి ఓపిక కంటే ఈ ఇచ్చినవాడి పెద్దరికమే నాకు ఎక్కువ నచ్చింది.

ఎందుకంటావా? నకిలీ చేసేవాడు ఎక్కడో ఒకడుంటాడు. వాడొక్కడి వల్లే ఇంత దొంగసరుకు తిరగదు. కొని మోసపోయినవాడు ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక, పెళ్లానికి ధర తక్కువ చెప్పి, అమ్మకు అసలే చెప్పక, ఆర్నెల్లు పెట్టెలో దాచి, ఆ తర్వాత "నాకేం తెలుసు, నాకిలాగే ఇచ్చారు" అని ఇంకో కుర్రాడి నెత్తిన రుద్దుతాడు. ఆ కుర్రాడు కుప్పంలో రైలెక్కి వచ్చే నీ స్నేహితుడే కావచ్చు. వాడు ఇంకొకడికి. మొదటివాడు ఒక్కణ్ణే ముంచాడు, నోరు మూసుకున్నవాళ్లు వరసగా ఊరిని ముంచారు. మంచివాళ్లే, చెడ్డబుద్ధి లేనివాళ్లే. పోయిన డబ్బు రాబట్టుకోవాలన్న తొందర, అంతే. కొనేటప్పుడూ ఆ తొందరే, అమ్మేటప్పుడూ ఆ తొందరే.

కాబట్టి వాడికి ఫోన్ చెయ్యి. పిక్‌గార్డు విప్పి చూపిస్తావా, మెడ విప్పి మడమ మీద తేదీ చూపిస్తావా, ముందు ఎవరి దగ్గర కొన్నావో చెబుతావా అని అడుగు. నిజమైనవాడైతే కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మరీ చూపిస్తాడు. విసుక్కుంటే ఫోన్ పెట్టెయ్. చూపించినా ఆ రోజే డబ్బు కట్టకు. ఇంటికొచ్చి మీ ఆవిడకు ధర ఉన్నదున్నట్టు చెప్పు. నోటితో చెప్పలేని ధర అయితే ఆ వస్తువు నీకు కాదు.

ఇంత చేసినా ఒక్కోసారి తప్పుతుంది, అదీ తెలుసు. అప్పుడు దాన్ని తీగలు మార్చి వాయించుకో, నకిలీ అయినంత మాత్రాన పాట పలకదా ఏం! అమ్మాల్సొస్తే మాత్రం మెడ ఏ కాలందో, ప్లేటు ఎప్పుడు మారిందో, నువ్వెంతకు కొన్నావో, ఎంత నష్టానికి ఇస్తున్నావో తెలుగులోనే రాసి సంతకం పెట్టు. ఆ కాగితాన్ని పెట్టె లోపల మూతకు అతికించు, జేబులో పెట్టించి పంపకు. కొన్నవాడి దగ్గర కొనేవాడు కూడా చదవాలి.