అడగలేదు గనుక చెప్పలేదు



మన పెద్దలు సంతలో ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిపించి పళ్ళు చూచేవారు. అమ్మేవాని మాటకంటే పళ్ళే దాని వయస్సును నిజంగా చెబుతాయని వారికి తెలుసు. నేడు చదువు నిమిత్తం అమెరికా వెళ్ళిన మన బిడ్డలు అనేకులు అక్కడ పాత కారు కొంటున్నారు. కారుకు పళ్ళుండవు. తిరిగిన దూరం చూపే మీటరు ఉంటుంది. దానినీ వెనక్కి తిప్పి అమ్మేవారున్నారు. అందుకే 1972లో అక్కడి ప్రభుత్వం చట్టం చేసి దానిని నిషేధించింది. వరదలో మునిగిన కారును శుభ్రం చేసి వేరొక రాష్ట్రంలో అమ్మేవారూ ఉన్నారు.

కనుక జాగ్రత్త అవసరం. బండిపై ఉన్న 17 అక్షరాల, అంకెల గుర్తింపు నంబరు టైటిల్ కాగితంలోని నంబరుతో సరిపోవాలి. ఆ నంబరుతో బండి పూర్వచరిత్ర తెప్పించుకోవాలి. అమ్మేవానితో సంబంధం లేని మెకానిక్కుకు చూపించాలి. బండి చూపకముందే డబ్బు అడిగితే వెనుదిరగాలి. డీలరు అద్దానికి అంటించిన కాగితంలో "ఉన్నది ఉన్నట్లు" అని ఉంటే, తరువాతి మరమ్మతు ఖర్చు కొన్నవానిదే.

అయితే, అమ్మేవాడు మన తెలుగువాడే అయినప్పుడు ఇలా పరీక్షించడం అతనిని అవమానించినట్లు కాదా? కాదు. నిజాయితీపరునికి పరీక్షవలన నష్టమేమీ లేదు. పరీక్ష లేకపోతేనే అతనికి నష్టం. అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకొని ఈ సంగతే వివరించాడు. మంచి బండి ఏదో, చెడ్డది ఏదో తెలియనప్పుడు కొనేవాడు అన్నింటికీ తక్కువ ధరే ఇస్తాడు. అప్పుడు మంచి బండి గలవాడు అమ్మడం మానుకుంటాడు. చెడ్డవే మిగులుతాయి. 2001లో ఆయన నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకడు. ఒకని అబద్ధం కొన్నవానినే కాదు, నిజం చెప్పే పదిమందినీ దోచుకుంటుంది.

ఇంతవరకు కొనేవాని సంగతి. అసలు పరీక్ష తరువాత వస్తుంది. చదువు ముగిసి ఊరు మారేటప్పుడు ఆ బిడ్డే కారు అమ్ముతాడు. ఇంజను ఆయిలు తాగుతున్నదని అతనికి తెలుసు. కొనడానికి వచ్చినవాడు నిన్నగాక మొన్న విమానం దిగిన కుర్రవాడు. అతడు అడగలేదు. ఇతడు చెప్పలేదు. ఇది అబద్ధమా?

అబద్ధమే. తెలియనివాడు ఏమి అడగాలో కూడా తెలియనివాడు. అతని అజ్ఞానాన్ని ధరలో కలిపి అమ్ముకోవడం న్యాయం కాదు. కోలారు గనులకు, షోలాపూరు మిల్లులకు వచ్చిన మన తాతలకు పరాయి భాషలో బేరమాడడం ఎంత కష్టమో తెలుసు. ఆనాడు నిజం చెప్పిన అంగడివాని మేలు వారు మరచిపోలేదు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఫోను చేసినప్పుడు "ఎంతకు కొన్నావు, ఎంతకు అమ్మావు" అని అడుగుతారు. ఇకమీదట "ఏమి చెప్పి అమ్మావు" అని కూడా అడగండి.