విమానాన్ని తిప్పి పంపినోడు

బిడ్డా, నాయనమ్మ దినాల నాడు అడిగినవు, "తాతా, నాయనమ్మ స్వర్గానికి పోయినట్టేనా?" అని. ఇంటినిండ చుట్టాలుండె, నలుగుర్ల చెప్పే మాట కాదది. ఇప్పుడు రాస్తున్న, నిమ్మళంగ చదువు.

పోయినోళ్లు ఎక్కడుంటరో చూసొచ్చి చెప్పినోళ్లు ఎవ్వరు లేరు. నాకు దేవుని మీద నమ్మకమున్నది, నాయనమ్మ చల్లగుంటదనే నమ్ముతున్న. కని స్వర్గం కథలల్ల నాకు నచ్చింది, దాన్ని వద్దన్న మనిషి కథ. భారతం అరణ్యపర్వంల, పాండవులు అడవిల ఉన్నప్పుడు వ్యాసుడొచ్చి చెప్తడు. నన్నయ విడిచిపెట్టిన కాడి నుంచి ఎర్రన పూర్తి చేసిండు గద, ఆ భాగంల ఉంటది.

ముద్గలుడని కురుక్షేత్రంల ఒక ముని. కోతలైనంక రాలిన గింజలు ఏరుకోని బతికేటోడు. మన దగ్గర పరిగె ఏరుడంటం చూడు, అదే. పదిహేను రోజులు ఏరితె ఒక ద్రోణమంత వడ్లు. అమాసకు, పున్నానికి ఇంటికొచ్చినోళ్లకు పెట్టి, మిగిలింది పెండ్లాం పిల్లలతోని తినేది. దుర్వాసుడు పిచ్చోని లెక్క వచ్చి, వండిందంత తిని, మిగిలిన మెతుకులు ఒంటికి పూసుకోని పోయిండు. పదిహేను రోజులకు మళ్ల వచ్చిండు. అట్ల ఆరు సార్లు. ముద్గలుని మొకం మాడలె. అప్పుడు దుర్వాసుడు మెచ్చుకోని, ఈ ఒంటితోనే స్వర్గానికి పోతవన్నడు. హంసలు కట్టిన విమానం వాకిట్ల దిగింది.

ముద్గలుడు ఎగిరి ఎక్కలేదు. అక్కడ మంచేంది, చెడేంది అని దేవదూతను అడిగిండు. దూత దాచకుండ చెప్పిండు. ఆకలి లేదు, ముసలితనం లేదు, చెమట పట్టదు. కని కొత్తగ పుణ్యం చేసుకునే దారి కూడ లేదు. ఇక్కడ సంపాదించింది అక్కడ తినుడు, ఒడిసినంక కిందికి పడుడు. పక్కోని వైభవం చూసి కడుపు మండుడు అక్కడా ఉంటదట. ముద్గలుడు దండం పెట్టి విమానాన్ని తిప్పి పంపిండు. మళ్ల గింజలేరుకునే బతుకుకే పోయిండు.

స్వర్గంల ఆకలైనోడు ఉండడు బిడ్డా, మరి ఎవరికి పెడతవు? జరమొచ్చినోడు ఉండడు, ఎవరి పక్కన కూచుంటవు? అప్పున్నోడు, అలిగినోడు, ఆసరా లేనోడు అందరు ఈడనే ఉన్నరు. అందుకే పుణ్యమొస్తది చెయ్యి అని నీకు చెప్పను. పుణ్యం లెక్క పెట్టుకుంట పెడితె ఎదుటోని మొకం కనపడదు. నాయనమ్మ వరికోతలప్పుడు కొన్ని కంకులు కావాలనే విడిచిపెట్టేది. పరిగె ఏరను వచ్చినోళ్లను ఎన్నడు ఎల్లగొట్టలె. కూలి పైసలు ఆ పొద్దుటియి ఆ పొద్దే చేతుల పెట్టేది. ఇది నువ్వు నేర్చుకోవాలె.

లెక్క చూడకుండ ఇచ్చుడంటె నాకు పోచంపల్లి యాదికొస్తది, మనకు దగ్గర్లనే. 1951 ఏప్రిల్ 18న వినోబా అక్కడికి వచ్చిండు. ఏం కావాలె అని దళితులను అడిగితె, దున్నుకోను 80 ఎకరాలు కావాలన్నరు. సర్కారు ఇచ్చేదాక ఆగుడెందుకు, మీలో ఎవరన్న ఇస్తరా అని ఊరోళ్లను అడిగిండు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తనన్నడు. తర్వాత భూదానం దేశమంత తిరిగింది, తగాదాలు కూడ వచ్చినయి, ఆ లెక్క వేరే. అడిగింది 80, ఇస్తనన్నది 100. ఆ 20 ఎకరాలు ఎవ్వరు అడగలె. నా మనసు అక్కడనే ఆగుతది.

ఇంకొకటి, నీ హాస్టల్ల నీతోనున్న పిలగాడు వేరే తీరు మొక్కుతడని చెప్పినవు. మొక్కనియ్యి. మన దిక్కు పీర్ల పండుగకు అలావ చుట్టు ఆడేటోళ్లల్ల హిందువులు లేరా? కొత్తూరు దిక్కు జహంగీర్ పీర్ దర్గాకు మొక్కు చెల్లించను అన్ని మతాలోళ్లు పోతరు. 1550 నుంచి 1580 దాక గోల్కొండనేలిన ఇబ్రహీం కుతుబ్ షాకు అద్దంకి గంగాధర కవి భారతం కథనే అంకితమిచ్చిండు, తపతీ సంవరణోపాఖ్యానమని. నాలుగు వందల ఏండ్ల కిందట అడ్డం రానిది నీ రూముల అడ్డం రావొద్దు.

ఇంక అసలు మాట. మన మంచాల ఊర్ల భూమి ఎకరాల లెక్క నుంచి గజాల లెక్కకు వచ్చినప్పటి నుంచి గట్టు కాడ అన్నదమ్ములకు మాటల్లేవు. మీ నాయిన, చిన్నాయిన కూడ అంతే అయిండ్రు. ఇద్దరు నా కడుపున పుట్టినోళ్లే, నాకు ఎంత నొస్తదో చెప్పలేను. స్వర్గారోహణ పర్వంల ధర్మరాజుకు స్వర్గంల దుర్యోధనుడు కనపడుతడు, దర్జాగ కూచోని. ధర్మరాజుకు ఒళ్లు మండితె, ఇక్కడ పగలుండవని నారదుడంటడు. అక్కడ ఎట్లన్న దించాల్సిన బరువే అయినప్పుడు, ఒక్క తల్లి పాలు తాగినోళ్లు బతికినన్నాళ్లు మోసుడెందుకు?

కార్తీకంల ఆరుట్ల బుగ్గ జాతరకు వస్తనన్నవు గద. వచ్చినప్పుడు ముందు చిన్నాయిన ఇంటికి పో. అన్నం పెడితె వద్దనకు, తిను. తెల్లారి ఇద్దరిని గట్టు కాడ నిలబెట్టి టేపుతోని నువ్వే కొలువు. తేడా వస్తె మన దిక్కే తగ్గాలని తాత చెప్పిండని మీ నాయినకు చెప్పు. కాయిదం రాసి ఇద్దరి సంతకాలు తీసుకో. సాక్షి సంతకం నేను పెడత.